ఆరు జానలకు ఒక జాన

ఆటు వేళకి పెన్‌రిన్ ఏరు
నీళ్లన్నీ సముద్రానికి అప్పగించేస్తుంది.
పడవలు బురదలో కూలబడతాయి
చెప్పులు విప్పుకున్న ముసలమ్మల్లా.
మా పెట్రెల్ కూడా.
ముప్పై ఒక్క అడుగులు, నాకంటే నాలుగేళ్లు చిన్నది.

ఈ చలికాలానికి పని ఒక్కటే అనుకున్నాం:
పెద్ద తెరచాప అడుగు మూలని
బూమ్ చివరిదాకా లాగి పట్టే తాడు, ఔట్‌హాల్.
తాడని పేరే గానీ సగం ఉక్కుతీగ.
పోగులు లేచి, చేపముల్లులా గుచ్చుకునేది.
గాలి పెరిగినప్పుడే దాన్ని బిగించాలి.
గాలి పెరిగినప్పుడే అది కదలదు.
పోయిన సెప్టెంబరులో
సెయింట్ ఆంథొనీ దీపస్తంభం దాటాక
నేనూ మోర్వెన్నా ఇద్దరం వేలాడినా
జానెడు రాలేదు.
నా కుడి భుజం మాత్రం వచ్చేసింది.

మోర్వెన్నాది ఆసుపత్రిలో ఎక్స్‌రే గది.
ఆ భుజానికి ఫొటో తనే తీసింది.
వెలుతురు మీద పెట్టి, తల అటూ ఇటూ వంచి,
"ఇది మార్చలేం. అది మారుద్దాం" అంది.

జనవరిలో బూమ్ దించి
షెడ్డులో రెండు బల్లల మీద పడుకోబెట్టాం.
చివరి మూతకి నాలుగు మరలు.
స్టీలూ అల్యూమినియమూ
ఉప్పునీళ్ల సాక్షిగా ఎప్పుడో ఏకమైపోయాయి.
నూనె పోశాం. వేడిగాలి పట్టాం.
రెండు రాత్రులు నానబెట్టాం, మినప్పప్పులా.
మూడు వచ్చాయి.
నాలుగోది తల ఇచ్చింది గానీ ఒళ్లివ్వలేదు.

లోపలి గిలక
తిరగడం మానేసి ఎన్నేళ్లయిందో!
తీగ దాని మీద ఈడ్చుకుపోయి ఈడ్చుకుపోయి
గాడి అంచు కత్తయింది.

జాగో వచ్చాడు.
పడవలకి తాళ్లు అమర్చే మనిషి, డెబ్బై దాటాయి,
టీలోకి నాలుగు చెంచాల చక్కెర.
బల్ల మీద సుద్దముక్కతో గీశాడు:
ఈ కప్పీతో ఒకటి రెండు,
ఆ కప్పీలతో రెండు ఆరు.
"ఇక ఆరో వంతు బలం చాలు."
కప్పు కింద పెట్టి, పాత బాకీ గుర్తుచేసేవాడిలా,
"ఆరు జానలు లాగితే కదిలేది ఒక జానే.
అది కూడా రాసుకో" అన్నాడు.

కొత్త తాడు వెళ్లాలంటే ముందు దారం వెళ్లాలి.
ఈ విద్య నాకు వచ్చు.
పిన్నీసుకి గుచ్చి లంగాకి నాడా ఎక్కించని చిన్నతనమా నాది!
ధీమాగా తోశాను.
సగం దారిలో టేపు ఊడింది.
గుడ్డయితే కుచ్చులు చేసి వెనక్కి తెచ్చుకుంటాం.
అల్యూమినియం గొట్టాన్ని ఎక్కడ కుచ్చులు చేస్తాం?
సైకిలు బ్రేకుతీగకి కొక్కెం వంచి నేనిటు,
టార్చి పట్టుకుని తనటు.
"ఎడమకి. ఇంకాస్త. అది కాదు.
ఊపిరి బిగపట్టు."
అలవాటుగా అనేసి తనే నవ్వింది.

నాలుగున్నరకే చీకటి పడింది. అప్పుడు దొరికింది.
దారంతో పాటు ఇంకోటీ బయటికొచ్చింది:
తీగ చివర ఎవరో వేసిన మైనపుదారం కుట్టు.
పదమూడు చుట్లు, తూచి వేసినట్టు.
ఆయనకీ ఒక చలికాలం ఇక్కడే గడిచుంటుంది,
ఆయన వేళ్లూ ఇలాగే కొంకర్లు పోయుంటాయి.
పారెయ్యబోయి, కోటు జేబులో వేసుకున్నాను.
ఇంకా అక్కడే ఉంది, బస్సు టిక్కెట్లతో.

ఏప్రిల్‌లో బ్లాక్ రాక్ దాటాం.
ముసురు. పడమటి గాలి.
తెరచాప పొట్ట ఉబ్బించుకుని
పడవని పక్కకి ఒరిగిస్తోంది.
ఎడమ చేత్తో లాగాను.

వచ్చింది.
వస్తూనే ఉంది.
బూడిదరంగు తాడు, నీలిచుక్కలది,
ఒళ్లోకి, మోకాళ్ల మీదికి, బూట్ల చుట్టూ.
పొట్ట తగ్గి తెరచాప బల్లపరుపయింది.
పెట్రెల్ నడుం సర్దుకుని లేచింది.

చుక్కాని దగ్గర్నుంచి మోర్వెన్నా అరిచింది:
"ఎంతొచ్చింది?"
బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించాను,
జానెడు.
నా చుట్టూ కుప్పపడ్డ తాడెంతో
తనడగలేదు.